ఒక బల్ల, ఒక కీబోర్డు, మూడు కంప్యూటర్లు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది చిన్న డీటీపీ షాపు. పక్కనే ఆంధ్రా పాతపట్నం, కాబట్టి పెళ్లికార్డు తెలుగులోనూ కావాలి, ఒడియాలోనూ కావాలి. పేజ్‌మేకర్, అను ఫాంట్లు పాత విండోస్ మెషీన్‌లో, డిజైన్లు మాక్ మినీలో, లెక్కలు రాస్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్‌లో. మూడు కీబోర్డులు పెట్టేసరికి బల్ల మీద టీ గ్లాసుకు కూడా చోటు లేదు.

ఒకే కీబోర్డు, మౌస్, మానిటర్‌ను ఏ మెషీన్‌కు కావాలంటే దానికి మార్చే పెట్టె, హెచ్‌డీఎమ్‌ఐ కేవీఎమ్ స్విచ్ కొన్నాను. పాత మెషీన్‌కేమో మానిటర్ తగిలించడానికి పాతకాలపు వీజీఏ పోర్టు ఒక్కటే ఉంది. చవగ్గా దొరికిందని ఉత్త కేబుల్ తగిలిస్తే తెర నల్లగానే ఉంది. వీజీఏ అనలాగ్, హెచ్‌డీఎమ్‌ఐ డిజిటల్. మధ్యలో యూఎస్‌బీ కరెంటుతో నడిచే కన్వర్టర్ ఉండాల్సిందే. అది పెట్టాక బొమ్మ పడింది.

రాస్‌బెర్రీ పై మరీ పేచీకోరు. అది ఆన్ అయ్యేటప్పుడు స్విచ్ వేరే మెషీన్ మీద ఉంటే, మానిటరే లేదనుకుని ఊరుకునేది. మాది పాత మోడల్. దాని కాన్ఫిగ్ ఫైల్లో, మానిటర్ ఉన్నట్టే అనుకోమని చెప్పే హెచ్‌డీఎమ్‌ఐ ఫోర్స్ హాట్‌ప్లగ్ విలువ 1 చేస్తే దారికొచ్చింది.

వైర్‌లెస్ కీబోర్డుతో వచ్చే బుల్లి యూఎస్‌బీ రిసీవర్ (డాంగిల్)ను స్విచ్‌లోని కీబోర్డు పోర్టులో పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. పక్కనున్న మామూలు యూఎస్‌బీలో పనిచేసింది కానీ, స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కి మెషీన్ మార్చే సుఖం పోయింది. అటక మీంచి వైరు కీబోర్డు దింపాను.

మాక్‌లో మా తమ్ముడికి ఇంకో టెన్షన్: "అన్నా, కంట్రోల్ సీ కొడితే కాపీ అవట్లేదు!" మాక్‌లో కాపీకి కంట్రోల్ కాదు, కమాండ్ కీ నొక్కాలి మరి. సెట్టింగ్స్‌లో మాడిఫయర్ కీస్‌కెళ్లి కంట్రోల్‌నీ కమాండ్‌నీ తారుమారు చేశాను. ఇప్పుడు వాడు మెషీన్ మారినట్టే గమనించడు.