క్యాంపర్ వెనక మడత క్యారియర్: తగిలినా, ఊగినా, స్టీరింగ్ తేలికైనా

మాది 8 అడుగుల బెడ్ (వెనక సామాను పెట్టే తొట్టి) ఉన్న పికప్ ట్రక్కు. అమెరికాలో ఉంటాం, సెలవులొస్తే దాని మీద క్యాంపర్, అంటే పడుకోవడానికి వీలున్న గదిలాంటిది, ఎక్కించుకుని బయల్దేరతాం. లోపల నలుగురం పడుకుంటే కూలర్‌కీ జనరేటర్‌కీ చోటుండదు. అందుకని ట్రక్కు వెనక హిచ్‌కి (బరువులు తగిలించే ఇనప అమరిక) సామాను పెట్టే మడత క్యారియర్ తగిలించాం. కింద రాసిన ఇబ్బందుల్లో చాలావరకు మేం పడినవే.

సమస్య: క్యారియర్ బిగించడానికి చోటు లేదు, మడిస్తే క్యాంపర్ తలుపుకి అడ్డొస్తోంది

11 అడుగుల క్యాంపర్‌ని 8 అడుగుల బెడ్‌లో పెడితే దాదాపు మూడడుగులు వెనక్కి పొడుచుకొస్తుంది. హిచ్ రిసీవర్, అంటే క్యారియర్ గొట్టం దూరే చోటు, దాని కింద ఉండిపోతుంది. దాన్ని బయటికి తేవాలంటే హిచ్ ఎక్స్‌టెన్షన్ (పొడిగించే గొట్టం) కావాలి. అయితే కొనే ముందే టేపు పట్టుకుని ట్రక్కు కిందికి దూరండి. రిసీవర్‌లో పిన్ను దూరే రంధ్రం నుంచి క్యాంపర్ వెనక చివరి దాకా కొలవండి. గోడ దాకా కొలిస్తే చాలదు. మెట్లు, నిచ్చెన, డ్రెయిన్ పైపు, వీటిలో ఏది ఎక్కువ బయటికి ఉంటే అక్కడిదాకా కొలవాలి.

మేం గోడ దాకానే కొలిచాం. మొదటి రాత్రి క్యారియర్‌ని మడిచి నిలబెట్టి ఉంచితే తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది. పిల్లలు లోపల, నేను బయట వానలో నిలబడి పిన్ను లాగుతున్నాను. అగ్గిలాంటి ప్రమాదమేదైనా జరిగితే అందరూ ముందు పరిగెత్తేది ఆ తలుపు దగ్గరికే. పడుకునే ముందు తలుపు పూర్తిగా తెరుచుకుంటోందో లేదో లోపలి నుంచి తోసి చూడండి. తెరుచుకోకపోతే క్యారియర్‌ని కిందికి దించండి, లేదా ఊడదీసి పక్కన పెట్టండి.

సమస్య: క్యారియర్ అటూ ఇటూ ఊగుతోంది, గతుకుల్లో టకటకమంటోంది

రిసీవర్ 2 అంగుళాలదైతే అందులోకి దూరే గొట్టం కొంచెం సన్నగా ఉంటుంది. ఆ సందే ఊపుకి కారణం. ఎక్స్‌టెన్షన్ పెడితే ఇలాంటి జాయింట్లు రెండవుతాయి. మడత దగ్గరి కీలు మూడోది. హిచ్ టైట్‌నర్ అని యు ఆకారంలో బోల్టు దొరుకుతుంది, గొట్టం దూరే ప్రతి జాయింటుకీ ఒకటి వేయండి. నట్టు బిగించాక నట్టు మీదుగా ప్లేటు మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. యాభై మైళ్ళు పోయాక గీత కలవకపోతే నట్టు తిరిగినట్టే. కీలు పిన్ను రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డులా సాగి ఉంటే మాత్రం బిగించి లాభం లేదు, ఆ భాగం మార్చాల్సిందే.

సమస్య: హైవే మీద స్టీరింగ్ తేలిగ్గా అనిపిస్తోంది, ట్రక్కు ముందు భాగం లేచింది

నాకు అన్నిటికన్నా భయం వేసింది ఇదే. క్యారియర్ బరువు వెనక ఇరుసుకి చాలా దూరంలో వేలాడుతుంది. సామానుతో కలిపి క్యారియర్ 200 పౌండ్లు, అది వెనక ఇరుసుకి 9 అడుగుల అవతల, ట్రక్కు వీల్‌బేస్ (ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం) 14 అడుగులు అనుకోండి. 200ని 9తో హెచ్చవేసి 14తో భాగిస్తే దాదాపు 130 వస్తుంది. అంటే ముందు చక్రాల మీద 130 పౌండ్లు తగ్గి, వెనక ఇరుసు మీద 330 పౌండ్లు పెరుగుతుంది. క్యాంపర్‌తోనే ఆ ఇరుసు నిండి ఉంటుంది కదా.

ట్రక్ స్టాపుల్లో బళ్ళని తూచే క్యాట్ స్కేల్ ఉంటుంది. నీళ్ళు, సామాను, మనుషులు అన్నిటితో ఎక్కి తూయించుకోండి, ముందు ఇరుసుదీ వెనక ఇరుసుదీ విడివిడిగా వస్తుంది. ఆ అంకెల్ని డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్‌తో, ఆ ఇరుసు టైర్లన్నిటి మీద రాసిన పరిమితుల మొత్తంతో పోల్చండి. దాటితే జనరేటర్ లాంటి బరువుల్ని క్యాంపర్ ముందువైపుకి మార్చి, క్యారియర్ మీద మడత కుర్చీల్లాంటివి పెట్టండి. వెనక స్ప్రింగుల దగ్గర పెట్టే ఎయిర్ బ్యాగులు (గాలి సంచులు) వెనక భాగాన్ని పైకెత్తుతాయి గానీ ఇరుసు మోయగల బరువుని పెంచవు.

క్యారియర్ మీద 500 పౌండ్లు అని రాసి ఉందని ధీమా పడకండి. ఎక్స్‌టెన్షన్ పొడవయ్యేకొద్దీ హిచ్ మోయగలిగేది తగ్గుతుంది. రిసీవర్, ఎక్స్‌టెన్షన్, క్యారియర్ మూడింటిలో ఏ అంకె చిన్నదో అదే మీ లెక్క, క్యారియర్ సొంత బరువు కూడా అందులోదే.

సమస్య: పెట్రోల్ బంకు వాలులో క్యారియర్ నేలకి రాసుకుంటోంది

పైకి వంపు తిరిగిన షాంక్ (రిసీవర్‌లోకి దూరే గొట్టం) ఉన్న క్యారియర్ తీసుకోండి. వాలు దగ్గర నెమ్మదిగా, కొంచెం ఏటవాలుగా ఎక్కండి.

సమస్య: లైట్లు, నంబర్ ప్లేటు కనబడటం లేదు, క్యారియర్ మీది ప్లాస్టిక్ డబ్బా అడుగు మెత్తబడింది

సామాను పేర్చాక ఇరవై అడుగులు వెనక్కి నడిచి చూడండి, ఇంట్లోవాళ్ళని బ్రేకు తొక్కమనండి. ఏది కనబడకపోయినా క్యారియర్‌కి వేరే లైట్లు, ప్లేటు పెట్టే చట్రం బిగించాలి. డబ్బా మెత్తబడిందంటే సైలెన్సర్ వేడి తగులుతోందన్నమాట. ఆ వైపు ఖాళీగా ఉంచండి, లేదా పైపు కొసని పక్కకి తిప్పించండి. పెట్రోల్ క్యాన్‌ని మాత్రం ఏ వైపైనా సరే, క్యారియర్ మీద పెట్టకండి. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మొదట నలిగేది అదే.