40 సెకన్ల సాంప్లర్‌లో ఎక్కువ శబ్దాలు పట్టాలంటే

పాకెట్ ఆపరేటర్ పీవో-33 అనే బుల్లి సాంప్లర్ (శబ్దాలు రికార్డ్ చేసి వాటితో సంగీతం వాయించే పరికరం) ఒక్కదానితోనే ట్రాక్‌లు చేసేవాళ్లకి ఒక చిట్కా. దాని మెమరీ మొత్తం 40 సెకన్లే. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఇంజిన్ మోత, కొబ్బరి పీచు మిల్లు చప్పుడు నేరుగా ఎక్కిస్తే చోటు ఇట్టే అయిపోతుంది. ముందు ఫోన్‌లో రికార్డ్ చేసి, రెట్టింపు వేగంతో ప్లే చేస్తూ సాంప్లర్‌లోకి ఎక్కించండి. తర్వాత సాంప్లర్‌లో పిచ్ ఒక స్థాయి (ఆక్టేవ్) దించితే అసలు శ్రుతి వచ్చేస్తుంది, మెమరీ సగమే ఖర్చు. ఫోన్ యాప్‌లో పిచ్ మారకుండా చూసే ఆప్షన్ ఉంటే ఆపేయాలి, లేదంటే ఇదంతా దండగ.

సన్నని శబ్దాలు కొంత పోయి గరగర వస్తుంది. 1987 నాటి ఎస్‌పీ-1200 సాంప్లర్‌లో హిప్‌హాప్ వాళ్లు నిమిషానికి 33 చుట్లు తిరిగే గ్రామఫోన్ రికార్డుని 45 చుట్ల వేగంతో తిప్పి చేసింది ఇదే (దాని మెమరీ మరీ 10 సెకన్లు!). ఇంజిన్ మోతకి ఆ గరగరే అందం. వేణువు లాంటివి మాత్రం మామూలు వేగంలోనే ఎక్కించండి.