సైడు అద్దం మీద చెయ్యి వేసే ముందు

సెకండ్ హ్యాండ్ కారులో సైడు అద్దం ఎంత వదులో సుంకి ఘాట్ ఎక్కితేగానీ తెలీదు. కోరాపుట్ నుంచి సాలూరు దిగేదాకా నా వెనకున్న ఒక్క లారీ మూడు లారీలై కనబడింది. పానా పట్టే ముందు ఇవి చూసుకోండి.

- ఊగుతున్నది గాజు పలకా, మొత్తం డొప్పా, మడిచే కీలా? కీలు స్ప్రింగు సడలితే నట్లు ఎంత బిగించినా దండగే.
- కరెంటు అద్దమైతే ముందు బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి.
- చాలా కార్లలో నట్లు తలుపు లోపలివైపు, మూలనున్న ముక్కోణపు ప్లాస్టిక్ బిళ్ల వెనక ఉంటాయి. బిళ్లని స్క్రూడ్రైవరుతో పొడవకండి. కోరాపుట్ చలికి పొద్దున్నే లాగితే క్లిప్పులు పుటుక్కుమంటాయి, కాస్త ఎండెక్కనివ్వండి.
- కింది సందులో గుడ్డ కుక్కండి. నట్టు తలుపులోకి జారిందా, ఇక ప్రతి గుంతకీ గలగలే. నాది ఇప్పటికీ మోగుతోంది.
- ఆఖరి నట్టు విప్పేటప్పుడు బయట అద్దాన్ని ఇంకొకరు పట్టుకోవాలి, లేదంటే వైరు మీద వేలాడుతుంది.
- గాజు పగిలుంటే చేతికి తొడుగు.
- కొత్తది కొంటే ఎడమో కుడో, ఏ ఏడాది మోడలో చెప్పండి. సాకెట్టులో పిన్నులు పాతదాంతో పోల్చి లెక్కపెట్టాకే డబ్బులివ్వండి.