మీ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం సరిగ్గా అందుతోందా? ఇలా చూడండి

ప్రభుత్వ పథకం పిల్లల దాకా వచ్చిందో లేదో పేపర్లో ప్రకటన చదివితే తెలియదు, భోజనం బెల్లు కొట్టే టైముకి బడికి వెళ్తేనే తెలుస్తుంది. ముందుగా చెప్పకుండా వెళ్లండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, అది ఎవరూ దయతలచి పెట్టే అన్నం కాదు. వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో మొదలైంది, 2013 ఆహార భద్రత చట్టంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా పిల్లలందరికీ హక్కయింది. పొద్దున్నే కూలికి పోయే ఇళ్లలో పిల్లలు చాలామంది ఖాళీ కడుపుతోనే బడికొస్తారు, వాళ్లకి ఆ రోజు కడుపు నిండేది ఈ అన్నంతోనే.

ముందు తలలు లెక్కపెట్టండి. ఆ రోజు తిన్నవాళ్లెందరు, రిజిస్టర్లో రాసిందెంత, రెండూ కలవాలి. తర్వాత సరుకు చూడండి. ప్రైమరీలో ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు పడాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా అయితే 150, 30, 75. అంటే ప్రైమరీ పిల్లలు 50 మంది తింటే ఆ పూట 5 కిలోల బియ్యం, కిలో పప్పు, రెండున్నర కిలోల కూరగాయలు పొయ్యి ఎక్కాలి. గోడ మీద రాసిన మెనూలో ఆ రోజు గుడ్డు ఉంటే ప్రతి కంచంలో గుడ్డు కనపడాలి. వడ్డించే ముందు టీచర్ రుచి చూడాలన్నది నిబంధన, చూశారా అని అడగండి.

పిల్లల్ని మాత్రం "అన్నం బాగుందా?" అని అడగొద్దు, పక్కన సారు ఉంటే బాగుందనే అంటారు. "నిన్న ఏం కూర? మొన్న గుడ్డు పెట్టారా? రెండోసారి అడిగితే వేశారా?" అని విడిగా అడగండి, అసలు సంగతి బయటికొస్తుంది.

పప్పు నీళ్లలా ఉందనుకోండి, వెంటనే వంటామె మీద అరవకండి. నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. బియ్యం ప్రభుత్వమే ఇస్తుంది గానీ కూరగాయలు, నూనె, పోపు సామాను, గ్యాసో కట్టెలో, కొన్నిచోట్ల గుడ్లు కూడా ఆమే ముందు తన డబ్బుతోనో కొట్లో అరువు పెట్టో తెచ్చి, తర్వాత బిల్లు పెట్టుకుంటుంది, ఆ బిల్లు నెలల తరబడి రాకపోతే కొట్టువాడు అరువు ఆపేస్తాడు, ఆ కోత నేరుగా పిల్లల కంచంలో పడుతుంది. పైన ఎక్కడో ఆగిన ఫైలుకి ఆమె మాట పడటం అన్యాయం. అందుకే ఏ నెల దాకా బిల్లు వచ్చింది, గౌరవ వేతనం ఎప్పుడు పడింది అని ఆమెనే అక్కా అని పిలిచి, కూర్చుని అడగండి, రాసుకోండి.

ఆ కాగితంతో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగ్‌కి వెళ్లండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. బాకీ ఎంతో తీర్మానంగా రాయించి ఎంఈఓకి, అంటే మండల విద్యాధికారికి పంపించండి. సరుకు లేకో, గ్యాస్ లేకో, వంటామె రాకో భోజనం ఆగితే 2015 నిబంధనల ప్రకారం పిల్లలకి ఆ ధాన్యం, వంట ఖర్చు లెక్కగట్టి తర్వాతి నెల 15వ తేదీలోగా భత్యంగా ఇవ్వాలి. ఈ సంగతి చాలా ఊళ్లలో తెలియదు. వరుసగా మూడు బడి రోజులు గానీ, నెలలో ఐదు రోజులు గానీ ఆగితే బాధ్యులెవరో రాష్ట్ర ప్రభుత్వం తేల్చాలి.

జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు. "భోజనం గురించి వివరాలు" అని పొడిగా రాయకండి, ఫలానా నెల హాజరు, వచ్చిన బియ్యం, చెల్లించిన బిల్లులు, వాటి తేదీలు అని విడివిడిగా అడగండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి, ఇవ్వాల్సిన 30 రోజుల గడువు ఆ తేదీ నుంచే లెక్క.