గడియారం సెల్లు టార్చ్ కొనేటప్పుడు

రాత్రి మోటర్ ఏయనీకి బాయికాడికి పోయేటోళ్లు చార్జింగ్ టార్చ్ ఒక్కదాన్నే నమ్ముకోకుర్రి, అది మధ్యల బందైతే మళ్ల ఇంటికొచ్చి ప్లగ్గుకు పెట్టాల్సిందే, అదే గోడ గడియారంల ఏసే ఏఏ సెల్లుదైతే మిర్యాలగూడల ఏ కిరాణంల అడిగినా సెల్లు దొరుకుతది. రిమోట్ల ఏసే సన్నటి ఏఏఏ సెల్లుది జేబుల ముద్దుగనే ఉంటది గని దాంట్ల పవర్ ఇంచుమించు సగమే. రెండు ఏఏ సెల్లుల ఎల్‌ఈడీది తీసుకోండ్రి. డబ్బా మీద లూమెన్స్, అంటే ఎలుగు ఎంతొస్తదో చెప్పే లెక్క, చూడుర్రి, 100 ఉంటే పొలం గట్టు మీద నడవనీకి మస్తు, చిన్న టార్చ్ మీద వేలల్ల రాస్తే నమ్మొద్దు. చార్జింగ్ సెల్లు 1.2 వోల్టులే, మామూలుది 1.5, రెండూ నడుస్తయా అడగాలె.

వాడనప్పుడు సెల్లులు తీసి పెట్టుర్రి. నేను మర్చిపోతే ఆల్కలైన్ సెల్లు కారి స్ప్రింగు మొత్తం చిలుం పట్టింది, నిమ్మరసంతోని తుడిస్తే గని మళ్ల ఎలగలే.