కథోలిక బాలుర పాఠశాలలో విద్యార్థికి అండగా నిలవడం ఎలా?

కథోలిక బాలుర పాఠశాలల్లో పాస్టరల్ కేర్ (విద్యార్థుల మనసు, విశ్వాసం, క్షేమం పట్ల బడి తీసుకునే శ్రద్ధ) అనగానే చాలామందికి ప్రార్థనాలయం, చాప్లిన్ (బడి ఆధ్యాత్మిక బాధ్యతలు చూసే ఫాదర్), దివ్యబలిపూజ గుర్తుకు వస్తాయి. అవన్నీ ఉండవలసినవే. అయితే ఒక బాలుడు ఇబ్బందిలో ఉన్నాడని ముందుగా పసిగట్టగలిగేది రోజూ హాజరు పిలిచే ఉపాధ్యాయుడే కాబట్టి, ఏర్పాటు అక్కడి నుంచే మొదలు కావాలి. కష్టం వస్తే ఎవరి దగ్గరకు వెళ్లాలో ప్రతి బాలుడికీ తెలిసి ఉండాలి. ఆ పెద్ద దిక్కును ట్యూటర్ అన్నా, హౌస్ మాస్టర్ అన్నా ఒకటే. ఆయన ఏటేటా మారకుండా కొన్నేళ్లపాటు అదే బృందంతో కొనసాగడం మంచిది.

విద్యా సంవత్సరం మొదలైన నెల తర్వాత, విద్యార్థులు అడుగుపెట్టని గదిలో వారందరి పేర్లూ గోడకు అంటించి, చదువుకూ క్రమశిక్షణకూ సంబంధం లేని మాట ఒక్కటైనా మాట్లాడిన బాలుడి పేరు పక్కన టిక్కు పెట్టమని ఉపాధ్యాయులను కోరండి. ఆటల్లో రాణించేవారి పక్కనా, అల్లరివారి పక్కనా టిక్కులు వరుస కడతాయి. ఒక్క టిక్కూ లేకుండా మిగిలేవి తరచుగా మధ్య బెంచీల్లో కూర్చుని, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా సగటు మార్కులు తెచ్చుకునే నెమ్మదస్తుల పేర్లు. ఎవరు ఎవరిని పలకరించాలో ఆ పేర్లను ఉపాధ్యాయులు అక్కడికక్కడే పంచుకుని, కాగితాలను ఆ రోజే చించివేయాలి.

మగపిల్లలు బాధను బాధగా చెప్పడం తక్కువ. అది కోపంగానో, కడుపునొప్పిగానో, వరుసగా సోమవారాలు బడి ఎగ్గొట్టడంగానో బయటపడుతుంది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ముడుచుకుపోయే పిల్లవాడు, పక్కన నడుస్తూనో హాల్లో కుర్చీలు సర్దుతూనో ఉన్నప్పుడు నాలుగు మాటలు చెబుతాడు. "ఎందుకలా చేశావు?" అంటే సంజాయిషీ వస్తుంది, "ఈ మధ్య నిద్ర సరిగ్గా పడుతోందా, నాయనా?" అంటే కొన్నిసార్లు అసలు సంగతి వస్తుంది. "ఏం లేదు సార్" అన్నంత మాత్రాన సంభాషణ ముగిసిందనుకోకుండా, రెండు రోజుల తర్వాత మళ్లీ పలకరించాలి. బాలుర విద్యకు జీవితం అంకితం చేసిన ఇటలీ గురువు (ఫాదర్) పునీత డాన్ బోస్కో 1877లో వివరించిన నివారణ పద్ధతి, అంటే తప్పు జరిగాక శిక్షించే బదులు జరగకుండా చూసే పద్ధతి, వివేకం, మతం, వాత్సల్యం అనే మూడింటిపై నిలిచింది. బాలురను ప్రేమించడంతో సరిపోదనీ, ఆ ప్రేమ వారికి తెలిసి రావాలనీ ఆయన పేరిట 1884లో రోము నుంచి వెళ్లిన లేఖ చెబుతుంది. విరామ సమయంలో పెద్దలు పిల్లల మధ్య కనిపించకపోవడమే ఆ లేఖలోని ప్రధానమైన ఆవేదన. అందువల్ల ఆటస్థలం డ్యూటీని శిక్షలా కాక, పాస్టరల్ కేర్‌లో ముఖ్య భాగంగా పంచాలి.

శిక్షించే చేయి, కౌన్సెలింగ్ చేసే చెవి, పాపసంకీర్తనం (చేసిన పాపాలను ఒప్పుకోవడం) వినే గురువు (ఫాదర్) ఒక్కరే కాకూడదు. శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం దీన్ని ముందే గుర్తించింది: విద్యాసంస్థ రెక్టర్ (అధిపతి) తనతో ఒకే గృహంలో నివసించే విద్యార్థుల పాపసంకీర్తనాన్ని, వారు ప్రత్యేక సందర్భాల్లో తమంతట తాము కోరితే తప్ప, వినరాదని 985వ అధికరణం చెబుతుంది. హాస్టల్ లేని బడిలోనూ ఆ స్ఫూర్తిని పాటించడం క్షేమం. పాపసంకీర్తన రహస్యాన్ని గురువు ఎట్టి పరిస్థితిలోనూ వెల్లడించరాదు. కానీ హాని జరుగుతోందని బాలుడు చెప్పినప్పుడు, ఆ సంగతిని బయట నమ్మకస్తులకు చెప్పమని ప్రోత్సహించవచ్చు. ఉపాధ్యాయుడికీ కౌన్సెలర్‌కూ అటువంటి రహస్య నియమం లేదు. కాబట్టి "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు. వేధింపు సంగతి చెబితే గుచ్చి గుచ్చి ప్రశ్నించకుండా విని, బాలుడి మాటలను అతను అన్నట్లే రాసి, ఆ రోజే బాలల రక్షణ బాధ్యుడికి అందజేయాలి. అక్కడి నుంచి దేశ చట్టం చెప్పిన అధికారులకు చేరాలి. సంస్థ పరువు కోసం దాచిన చోట్ల పిల్లలకు జరిగిన అన్యాయం చిన్నది కాదు. ఫ్రాన్సిస్ పోపు గారు 2019లో జారీ చేసిన శాసనం గురువులకూ మఠవాసులకూ ఇటువంటి విషయాలను శ్రీసభ అధికారులకు తెలియజేయడం విధిగా చేసింది. 2023లో అది శాశ్వతమైంది. కౌన్సెలింగ్ గది లోపలివారు బయటికి కనిపించేలా తలుపుకు గాజు పలక ఉండాలన్నది కూడా పిల్లల రక్షణ దృష్టితోనే.

తండ్రినో తల్లినో కోల్పోయిన బాలుడి విషయంలో బడి చేయగలిగింది చాలా ఉంది. అతను తిరిగి రాకముందే ఉపాధ్యాయులందరికీ కబురు చేరాలి, లేకపోతే ఎవరో ఒకరు "మీ నాన్నగారి సంతకం ఏది?" అని అడుగుతారు. తరగతిలో ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ట్యూటర్ అతనినే అడగాలి. క్లాసులో ఉండలేకపోతే అనుమతి కోసం చేయెత్తకుండా బయటకు వెళ్లేందుకు ఒక చీటీ ఇచ్చి, ఎక్కడ కూర్చోవాలో ముందే చూపించాలి. సానుభూతి మొదటి రెండు వారాల్లోనే వెల్లువెత్తి ఆగిపోతుంది కనుక, వర్ధంతి తేదీని ట్యూటర్ తన డైరీలో రాసుకోవాలి. మృతుల కోసం శ్రీసభ ప్రత్యేకంగా ప్రార్థించే నవంబరు నెల రాకముందే అతనితో మాట్లాడాలి. తండ్రి పేరు పూజలో చదివితే అతనికి ఓదార్పు కావచ్చు, అందరి ముందు కన్నీళ్లు వస్తాయన్న భయమూ కావచ్చు. నిర్ణయం అతనికీ ఇంట్లోవారికీ వదిలేయాలి.

కథోలికులు కాని విద్యార్థులకూ ఇదే వర్తిస్తుంది. ప్రార్థనకు ఆహ్వానించవచ్చు, సహాయం అందాలంటే ప్రార్థించాలన్న భావన మాత్రం ఏ బాలుడికీ కలగకూడదు. విశ్వాస విషయంలో బలవంతం తగదని కథోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ 1965లోనే ప్రకటించింది.

పై తరగతి విద్యార్థులను చిన్నవారికి తోడుగా నియమించడం చక్కని పద్ధతి, అయితే విన్న సంగతిని ఎప్పుడు పెద్దలకు అందించాలో వారికి ముందుగా నేర్పాలి. ఆత్మహత్య ఆలోచనలు వినిపిస్తే ఆ భారాన్ని ఒక్క నిమిషమైనా విద్యార్థి మీద ఉంచకూడదు; బాలుణ్ణి ఒంటరిగా వదలకుండా కుటుంబాన్నీ వైద్య సహాయాన్నీ వెంటనే పిలవాలి.

ట్యూటర్లు, కౌన్సెలర్, చాప్లిన్ వారానికొకసారి కలిసి ఎవరి గురించి ఆందోళన ఉందో, ఎవరు ఏం చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో రాసుకోవాలి. ఏడాది చివర ట్యూటర్ మారవలసి వస్తే, పాత ట్యూటర్ కొత్తవారితో కూర్చుని ఒక్కొక్క బాలుడి గురించి చెప్పాలి. తన వివరాల్లో ఏవి చెబుతున్నారో ఆ బాలుడికి ముందే తెలియజేసి, సెలవులకు ముందే ఇద్దరినీ ఒకసారి కలపాలి.