విశాఖ సైటుకు ల్యాండ్‌స్కేప్ (చెట్లు, మెట్లు, బెంచీల) త్రీడీ మోడల్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

కంప్యూటర్ తెరవకముందే సైటంతా ఒకసారి నడిచి రండి. మధురవాడ, ఎండాడ వైపు కొండవాలు స్థలాలకైతే ఇది తప్పనిసరి. ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల డేటాలో ఒక్కో గడి 30 మీటర్లు. మధ్యలో పారే చిన్న గెడ్డ, రాతిగోడ అందులో కనబడవు. అందుకే టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కచ్చితంగా కొలిచే పరికరం) సర్వే చేయించండి.

డ్రోన్ ఎగరేయాలంటే ముందు డిజిటల్ స్కై మ్యాపు (డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ మ్యాపు) చూడండి. మనది నేవీ ఊరు, రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేనిదే ఎగరేయకూడదు.

సర్వే ఫైలు యూటీఎం (భూమిని జోన్లుగా విడదీసి స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతి) 44 ఉత్తర జోన్‌లో, మీటర్లలోనే ఉందా? ఆ అంకెలు లక్షల్లో ఉంటాయి. వాటిని అలాగే స్కెచప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తే గీతలు వణుకుతాయి. సర్వేను మూలబిందువు (0,0) దగ్గరకు జరిపి, ఎంత జరిపారో రాసిపెట్టుకోండి. నేనొకసారి రాసుకోలేదు. తర్వాత వచ్చిన సర్వేతో మెట్లు కలవక రెండు రాత్రులు కూర్చున్నాను.

మోడల్‌లో నీడలు చూసే ముందు సాఫ్ట్‌వేర్‌లో లొకేషన్ విశాఖకు మార్చండి. మన అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు. మే సగం నుంచి జూలై చివరిదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు కాస్త ఉత్తరాన ఉంటాడు. బెంచీకి దక్షిణాన చెట్టు పెట్టి నీడ వస్తుందనుకుంటే, కొమ్మలు పైకి పరుచుకుంటే తప్ప రాదు. ఎండలో కూర్చునేది ముసలివాళ్లు, పిల్లలు.

సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో రెడీమేడ్‌గా దొరికే మేపుల్ చెట్లు వద్దు. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి తట్టుకునే పొన్న, కొబ్బరి పెట్టండి. నాటిన ఏడాదికి ఒక చిత్రం, పదేళ్లకు ఒకటి, రెండూ చూపించండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకు చెట్లు కూలడం చూసిన ఊరు ఇది, మొదటి రోజే నిండు నీడ బొమ్మ చూపిస్తే నమ్మరు.